పౌనఃపున్యం

శుక్రవారం ఆఖరి పీరియడు
టైమ్‌టేబుల్లో ‘కళావిద్య’ అని ఉంటుంది.
పదకొండేళ్లుగా ఆ గంటలో నేను
రికార్డులు దిద్దుకున్నాను,
లేదంటే లెక్కల సారుకు అప్పిచ్చి
మళ్లీ అడగలేదు.

కుందుర్పి దాటి లోపలికి పోతే మా హైస్కూలు.
ఎనిమిదో తరగతి, ధ్వని పాఠం.
పౌనఃపున్యం అనమంటే
విసర్గ దగ్గర తరగతి తరగతంతా జారిపడింది.
షేక్షావలి ‘పావున పుణ్యం’ అన్నాడు.
“ముప్పావు ఎవరికి పోతాది మేడం?”
వెనక బెంచీ.
నాకూ నవ్వొచ్చింది.

స్టీలు గ్లాసును చెంచాతో కొట్టి చూపించాను.
రబ్బరు బ్యాండు లాగి వదిలాను.
కిటికీ పక్కన పెన్నోబులేసు
బల్ల కింద చెక్కను వేలితో రుద్దుతున్నాడు,
గుర్‌ర్‌ర్‌మని, సన్నగా.
“ఏంరా అది?”
లేచి నిలబడి కాళ్లు చూసుకున్నాడు.
పక్కవాడే చెప్పాడు:
“వాళ్లు ఉరుములోల్లు మేడం.”
చెబుతూ చెబుతూ
ఒక జానెడు పక్కకు జరిగాడు.

ఆ వారం
లెక్కల సారు దగ్గర నా గంట నేను వెనక్కి తెచ్చుకున్నాను.

తాత మారెన్న వచ్చాడు.
చెప్పులు గేటు బయటే విడిచాడు.
గేటు నుంచి మా గదికి నూటిరవై అడుగులు,
మార్చి ఎండలో.
కుర్చీ వేశాను.
కుర్చీలో ఉరుమును కూర్చోబెట్టి
తాను బండల మీద కూర్చున్నాడు.
“అది పెద్దది తల్లీ.
నేను దాని ఎనకాల పుట్టినోన్ని.”

చర్మం మీద గుప్పెడు కొర్రలు పోస్తానంటే
“తినేటివి కదా” అని ఒక్క క్షణం ఆగాడు.
మోకాళ్ల మీద లేచి
అంచుకు వంకర పుల్ల ఆనించి రాశాడు.

కొర్రలు లేచాయి.
మెల్లగా రాస్తే ఉన్నచోటే వణుకు,
ఒత్తి రాస్తే వేలెడెత్తు ఎగురుడు.
ముందు బెంచీ ఆడపిల్లలు
గింజలతోపాటు తలలూపారు.
“ఒత్తితే పెద్దగా అరుస్తాది,
బిగిస్తే సన్నగా అరుస్తాది, అంతే పాప,” అన్నాడు.
ఆ అంతేకి నేను
రెండు పేజీల నోట్సు రాయించి ఉన్నాను.

గ్రౌండులో ఆరో తరగతి పిల్లలు
వాన అనుకుని పైకి చూశారట.
పక్క గదిలో యూనిట్ టెస్టు.
హెడ్మాస్టరు గుమ్మం దాకా వచ్చి
ఏదో అనబోయి
కొర్రల్ని చూస్తూ నిలబడిపోయాడు.
తర్వాత అననే అన్నాడు:
“తలుపన్నా వేసుకోండమ్మా.”

పోయేముందు మారెన్న పుస్తకం అడిగాడు.
చదవలేడు. బొమ్మలు తిప్పాడు.
వీణ ఉంది. మృదంగం ఉంది. తబలా, వేణువు, హార్మోనియం.
మళ్లీ మొదటినుంచి తిప్పాడు.
“ఈడ లేదే,” అన్నాడు,
ఇంట్లో పోయిన వస్తువు గురించి అన్నట్టు.
నేను చేతులకున్న చాక్‌పీసు పొడి దులుపుకున్నాను.

కొర్రలు ఒక్కొక్కటీ ఏరి
టవలు కొంగున మూట కట్టుకున్నాడు.
బండల సందులో రెండు గింజలు మిగిలాయి.
చీపురు కూడా వాటిని తీయలేకపోయింది.

సోమవారం
పెన్నోబులేసు పుస్తకంలో చూశాను:
మృదంగం పక్కన తెల్లజాగాలో
నీలం పెన్నుతో ఉరుము.
కింద, అచ్చు అక్షరాల్లా దిద్ది,
పటం 5.3 (అ).
సర్కారు పుస్తకాల్లో గీతలు గీయకూడదని
జూన్‌లో చెప్పింది నేనే.
ఆ మాట మళ్లీ చెప్పడానికి నోరు తెరిచి
నా పుస్తకం తెరిచాను.
అక్కడా అదే జాగా ఖాళీగా ఉంది.
వాడి పెన్నే అడిగాను.

గీత వంకర పోయింది.
శుక్రవారాలన్నీ ఏం చేశాను మరి.
వాడు వంగి చూశాడు, వేలు పెట్టి లెక్కపెట్టాడు.
“తాళ్లు పద్దెనిమిది మేడం,
మీరు పదారే గీసినారు.”